ఖాజీ అని పిలిచిన రాయి

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు వయసు మీద పడి తగ్గింది కానీ, యుద్ధం రోజుల్లో ఇంట్లోవాళ్లు కూడా నాతో ఆచితూచి మాట్లాడేవారు. దానికి తోడు సైన్సులో డిగ్రీ పుచ్చుకున్నానన్న పొగరు ఒకటి. ఆ రెండూ కలిసి ఒక పెద్దమనిషిని ఏం చేశాయో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే ధైర్యం లేక చెప్పలేదు.

అప్పుడు మేము సైదాబాద్‌లో ఉండేవాళ్లం. రోజూ పొద్దున్నే సైకిలు మీద పత్తర్‌గట్టికి వచ్చేవాణ్ణి. రాతి కమానుల వెనక సందులో, అత్తరు దుకాణం పైన, మా కార్ఖానా. బేగంబజార్‌లో ఇత్తడి సామాను అమ్ముకునే సేఠ్ ఒకాయన, పటాలం వైర్‌లెస్ సెట్లలోకి స్ఫటికపు బిళ్లలు తయారుచేసి ఇస్తానని కాంట్రాక్టు పట్టి దాన్ని పెట్టాడు. స్ఫటికమంటే ఆయనకు పూజగదిలో లింగం తప్ప మరొకటి తెలియదు. "రాయే గదా, అరగదీసి ఇయ్యుర్రి" అనేవాడు. ఆయన దృష్టిలో పనంతా అంతే.

నిజానికి పని అంతే, కాకపోతే ఆ అరగదీయడంలోనే ఉంది మొత్తం బాధ. తపాలా బిళ్లంత పలుచటి స్ఫటికపు ముక్కకు కరెంటు తగిలిస్తే అది వణుకుతుంది. సెకనుకు ఎన్నిసార్లు వణకాలో దాని మందం నిర్ణయిస్తుంది. వైర్‌లెస్ సెట్టు తన చోటు తప్పకుండా మాట్లాడేది దాని అండతోనే. రాయి తప్పితే ఇక్కడివాడు పిలిచే పిలుపు ఇంకెక్కడో పడుతుంది, అక్కడివాడు చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఊరికే కూర్చుంటాడు. పలుచనయ్యేకొద్దీ వణుకు వేగం పెరుగుతుంది. కాబట్టి గాజు పలక మీద సానపొడి వేసి, నీళ్లు చిలకరించి, రవ్వంత రవ్వంత అరగదీస్తూ సరైన చోట ఆపాలి. దాటితే ఆ రాయి పోయినట్టే. అరిగిన రాయిని మళ్లీ అతికించడం ఎవరి వల్లా కాదు.

ఆ ఆపడం తెలిసిన మనిషి మా ఉస్తాద్. అరవైకి దగ్గరపడిన మనిషి. తాతల కాలం నుంచి వాళ్లది నగీనాల పని, అంటే ఉంగరాలకు, హారాలకు రాళ్లు సానబట్టే పని. యుద్ధంలో ఆ బేరాలు పడిపోయి మా కార్ఖానాకు వచ్చాడు. పత్తర్‌గట్టిలో ఆయన సానబట్టిన రాయి అంటే నమ్మకంతో ఎవరూ మళ్లీ తిప్పి చూసేవారు కాదు. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదని ఆయనే నవ్వుతూ అనేవాడు. తను చేసిన రాయి ఎలా ఉందని ఎవరినీ అడగకపోవడం ఆయన మర్యాద. చేసి ముందు పెట్టేవాడు, అంతే.

చేరిన కొత్తలో నేను బిళ్లను చిమటాతో, అంటే సన్న పట్టకారుతో కూడా సరిగ్గా పట్టలేకపోయేవాణ్ణి. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. "ఊపిరి రాయి మీద పడొద్దు బేటా. గది గూడ బరువే" అన్నాడొకసారి. నేను కాలేజీలో చదివినదాన్ని ఆయన చేత్తో తెలుసుకున్నాడని అప్పుడు అబ్బురపడ్డాను. ఆ మాటను నేనే మరిచిపోతానని అనుకోలేదు.

పరీక్ష నా పని. నా గదిలో బల్ల మీద రెండు సెట్లు ఉండేవి. ఒకదానిలో సర్కారు ప్రయోగశాల నుంచి సర్టిఫికెట్టుతో వచ్చిన రాయి, రెండోదానిలో ఉస్తాద్ చేసిన రాయి. రెండూ కలిసి హెడ్‌ఫోన్లలో ఒక ఈల వినిపించేవి. రెండింటికీ తేడా తగ్గేకొద్దీ ఈల దిగుతూ వచ్చి, గుడగుడమని, చివరికి ఏమీ వినపడకుండా పోతుంది. ఏమీ వినపడకపోతే పాస్. ఈల ఉంటే, కొత్త రాయి ఎక్కువ వేగంతో పోతున్నదో తక్కువ వేగంతో పోతున్నదో చిన్న కండెన్సర్ తిప్పి తెలుసుకునేవాణ్ణి. తర్వాత బల్బు పెట్టిన పెట్టెలో వేడి చేసి ఒకసారి, ఐస్ పెట్టెలో చల్లార్చి ఒకసారి చూసి, చీటీ మీద సంతకం పెట్టేవాణ్ణి.

సర్కారు రాయికి ఖాజీ, అంటే తీర్పు చెప్పే పెద్ద, అని పేరు పెట్టింది ఉస్తాదే. "ఈయన ఏం జెప్తె గదే ఫైసలా" అని మొదటి రోజే సలాం కొట్టాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, లోపల ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఖాజీని అద్దం మూత ఉన్న టేకు పెట్టెలో పెట్టి, దాని దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే కసురుకునేవాణ్ణి. ఉస్తాద్‌కు పక్క గదిలో తన సొంత సెట్టు ఒకటి ఉండేది. ఖాజీతో నేను సరిచూసి ఇచ్చిన నమూనా రాయి ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని మఖ్మల్ గుడ్డలో చుట్టి, మూత గట్టిగా ఉన్న సుర్మా డబ్బీలో పెట్టి, షేర్వానీ లోపలి జేబులో దాచుకునేవాడు. కొత్త రాళ్లను ఆ నమూనాతో పోల్చుకుంటూ అరగదీసి, తనకు నమ్మకం కలిగాకే నా దగ్గరకు తెచ్చేవాడు. మొదటి ఏడాది ఆయన రాళ్లలో నేను తప్పు పట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ సందులో ప్రతి జుమ్మేరాత్, అదే గురువారం, సాయంత్రం లోబాన్ ఫకీరు వచ్చేవాడు. నిప్పుల మీద లోబాన్ చల్లిన కుంపటిని గొలుసుతో పట్టుకుని, విసనకర్రతో దుకాణం దుకాణానికీ పొగ పట్టేవాడు. హిందువుల దుకాణమైనా, ముసల్మానుల దుకాణమైనా ఎవరూ వద్దనేవారు కాదు. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి వేసేవాళ్లం కాబట్టి నాకూ అది కొత్త కాదు. మా కార్ఖానాకు వచ్చినప్పుడు గుమ్మానికి, సాన పలకలకు, సెట్లకు పట్టి పోబోయేవాడు. "బాబా, ఇధర్ భీ", ఇక్కడ కూడా అని నేనే పిలిచి, ఖాజీ పెట్టె అద్దం మూత ఎత్తి పట్టుకునేవాణ్ణి. ఇంత పెద్ద న్యాయం చెప్పే రాయికి దీవెన దక్కకపోతే ఎట్లా అని. సగం భక్తి, సగం నా దగ్గర ఇలాంటి వస్తువొకటి ఉందని చూపించుకోవడం. పెట్టెలో పొగ నిండితే మూత వేసేసేవాణ్ణి, దీవెన బయటకు పోకుండా.

రెండో ఏడాది ఎండాకాలం నుంచి తేడా మొదలైంది. ఉస్తాద్ తెచ్చిన పది రాళ్లలో ఒకటో రెండో ఖాజీ ముందు ఈల వేసేవి. అన్నీ ఒకటే తప్పు, వేగం ఎక్కువ. అంటే ఎక్కువ అరిగిపోయాయి. చెప్తే ఆయన రాయిని వెలుతురులో తిప్పి చూసి, "దాటలే బేటా. నేను జూస్కునే తెచ్చిన" అన్నాడు. ఎండ వేడి అనుకున్నాను. ఐసు ఎక్కువ తెప్పించాను. వాల్వు మార్చాను, బ్యాటరీ మార్చాను. వాన పడి చల్లబడ్డాక పదిలో నాలుగు తప్పడం మొదలైంది. బల్ల మీదున్న ప్రతి వస్తువునూ అనుమానించాను, ఖాజీని తప్ప.

తప్పిన రాళ్లను పగలగొట్టాలని నియమం పెట్టింది నేనే. పాసైన వాటిలో పొరపాటున కలిసిపోతాయని నా భయం. చిన్న ఇత్తడి సుత్తితో నా బల్ల మీదే కొట్టేవాణ్ణి. ఉస్తాద్‌కు అది చూడటం కష్టంగా ఉండేది. "మా పనిల రాయిని పలగ్గొట్టరు. పెద్దది చెడితె చిన్నది జేస్తం, గది చెడితె ముక్కుపుడకల ఏస్తం" అనేవాడు. ఇది ముక్కుపుడకల పని కాదని నేను విసుక్కునేవాణ్ణి. రోజు రోజుకీ సుత్తి చప్పుడు ఎక్కువైంది. ఆ చప్పుడు అయినప్పుడల్లా పక్క గదిలో అరగదీసే చప్పుడు ఆగిపోయేది.

ఒకరోజు ఆయన జేబులోంచి సుర్మా డబ్బీ తీసి నా ముందు పెట్టాడు.

"నేనెప్పుడు ఈ నమూనాతోనే జూస్తున్న. ఇది జర ఖాజీ ముందల పెట్టి సూడు. తప్పు యాడుందో తెలుస్తది."

మంచి మాటే అడిగాడు. పెట్టి చూశాను. నమూనా కూడా ఈల వేసింది. వేగం ఎక్కువ. ఏడాది కింద ఇదే రాయి ఇదే ఖాజీ ముందు నిశ్శబ్దంగా ఉంది. రెండింట్లో ఏదో ఒకటి మారింది. ఏది మారింది? ఒకటి సర్కారు ముద్రతో టేకు పెట్టెలో కదలకుండా ఉన్నది. ఇంకొకటి రోజూ తీసి, కడిగి, తుడిచి, జేబులో వేసుకుని తిరిగేది. నాకు ఆలోచించాల్సిన అవసరమే కనపడలేదు.

"నమూనా అరిగిపోయింది ఉస్తాద్. రోజు కడుగుతున్నరు గద, గందుకే."

"నీళ్లతోని కడిగితె స్ఫటికం అరుగుతదా?"

అరగదని నాకు తెలుసు. తెలిసిన విషయాన్ని ఆయన నా చేత చెప్పించబోతున్నాడని కోపం ముంచుకొచ్చింది. సుత్తి తీసుకున్నాను.

"దీన్ని ఉంచు బేటా. గిదొక్కటి ఉంచు. నా దగ్గర పెట్టుకుంట, వాడను."

"నియమం అందరికి ఒకటే" అన్నాను. ఒక దెబ్బకే పోయింది. ఆయన ముక్కలు ఏరి మఖ్మల్ గుడ్డలో మూటగట్టుకున్నాడు. డబ్బీ మూత పెట్టి జేబులో వేసుకుని లేచాడు. ఆ రోజు నుంచి నన్ను బేటా అనడం మానేశాడు. సాబ్ అనేవాడు.

కొత్త నమూనా సరిచూసి ఇచ్చాను. నెల రోజులు అన్నీ కుదిరాయి. చూశారా, నేను చెప్పలేదా అన్నట్టు తిరిగాను. తర్వాత మళ్లీ అదే. మళ్లీ వేగం ఎక్కువ, మళ్లీ సుత్తి. ఇప్పుడు ఉస్తాద్ వాదించడం లేదు. రాయిని నాకు ఇచ్చే ముందు రెండుసార్లు, మూడుసార్లు తన సెట్టులో చూసుకునేవాడు. ఇంకో చేత్తో పట్టుకుని బరువు చూసేవాడు. గాజు పలక మీద రాయి పెట్టి, కదపకుండా, అలాగే కూర్చునేవాడు. ముందు రోజుకు పది రాళ్లు చేసే మనిషి మూడు చేసేవాడు. ఒకసారి నేను గుమ్మంలో నిలబడి ఉంటే తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నాకు జాలేసింది. జాలితో పాటు, ముసలాయన పని అయిపోయిందన్న నిర్ధారణ కూడా వచ్చింది.

సేఠ్ అడిగినప్పుడు అదే చెప్పాను. "చెయ్యి పోయింది సేఠ్‌జీ. పెద్దోడైండు." ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. ఆయన తన సానపొడి డబ్బాలు, గుడ్డలు సర్దుకుని, ఖాజీ పెట్టె దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. మొదటి రోజు కొట్టినట్టే సలాం కొట్టి మెట్లు దిగి పోయాడు. అది వెటకారమో, మర్యాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన పని మానేసి వెళ్లిన మూడో వారం పటాలం నుంచి ఉత్తరం వచ్చింది. కొన్ని నెలలుగా మేం పంపిన రాళ్లన్నీ తక్కువ వేగంతో పోతున్నాయట. ఇటీవలివైతే మరీ తక్కువట. నేను పాస్ చేసి, సంతకం పెట్టినవి. తల కొట్టేసినట్టయింది. ఎక్కువ అని నేను పగలగొట్టినవి పోగా, సరిగ్గా ఉన్నాయని పంపినవి తక్కువ ఎట్లా అవుతాయి? ఉత్తరం రాసినవాళ్ల పరికరాలే పాడయ్యాయని సేఠ్‌కు చెప్పాను. ఆయన నమ్మాడో లేదో గానీ, పటాలం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని మాత్రం చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ మాటలు తక్కువ మనిషి. రైలు దిగి నేరుగా వచ్చి, చేతిపెట్టెలోంచి సీలు వేసిన రాళ్లు రెండు తీశాడు. ఒకదాన్ని ఖాజీ ఎదురుగా పెట్టి హెడ్‌ఫోన్లు నాకిచ్చాడు. ఈల. సన్నగా, గట్టిగా. "రైలు కుదుపులకు మీ రాయి కదిలి ఉంటుంది" అన్నాను. ఆయన రెండోది పెట్టాడు. అదే ఈల. తర్వాత తన రాళ్లు రెండూ ఎదురెదురుగా పెట్టాడు. ఏమీ వినపడలేదు. రెండూ ఒక్క మాట మీద ఉన్నాయి. వేరే మాట చెప్తున్నది ఖాజీ ఒక్కటే.

ఆయన ఖాజీ పెట్టె తెరిచాడు. ఇత్తడి రేకుల మధ్య నుంచి రాయిని చిమటాతో బయటకు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో రెండు వైపులా తుడిచాడు. దూది పచ్చగా, గోధుమరంగుగా జిగురుపట్టి వచ్చింది. మళ్లీ తుడిచాడు, మళ్లీ వచ్చింది. రాయిని తిరిగి పెట్టి హెడ్‌ఫోన్లు నాకే ఇచ్చాడు. ఈల దిగింది. గుడగుడమంది. ఆగిపోయింది.

"ఈ గదిలో ఎవరైనా సిగరెట్లు తాగుతారా?" అని అడిగాడు. దూదిని నా వైపు పట్టుకున్నాడు. వాసన చూశాను. సిగరెట్టు వాసన కాదు. జుమ్మేరాత్ సాయంత్రం వాసన. మూత నేను ఎత్తి పట్టుకున్న సాయంత్రాలన్నీ ఆ దూదిలో ఉన్నాయి. పొగలోని జిగురు వారం వారం పొరగా పేరుకుని, బరువు పెరిగి, ఖాజీ వణుకు మెల్లగా నెమ్మదించింది. దానికి సరిపోయేవాటిని నేను పాస్ చేశాను. నిజంగా సరిగ్గా ఉన్నవి ఎక్కువగా కనపడితే సుత్తితో కొట్టాను. ఊపిరి కూడా బరువే అని ఆయన మొదటి రోజుల్లోనే నాకు చెప్పాడు.

సేఠ్‌కు ఏదీ దాచలేదు. అంత కోపిష్టినైన నన్ను ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ నొచ్చింది. "పోయి ముసలాయన్ని పిల్సుకరా. నువ్వే పో" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. రెండు సందుల అవతల, రేకుల వసారాలో, పాత సాన చక్రం ముందు కూర్చుని ఉంగరం రాయి సానబడుతున్నాడు. నన్ను చూసి చక్రం ఆపి, చాప జరిపాడు.

"తప్పు మీ చేతిది కాదు ఉస్తాద్. ఖాజీకి లోబాన్ పొగ పట్టింది. మూత ఎత్తింది నేనే."

కోప్పడతాడని, తిడతాడని, కనీసం పొమ్మంటాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఏ జుమ్మేరాత్ సంది?" అని అడిగాడు.

"ఎర్కలేదు ఉస్తాద్. మెల్లమెల్లగ అయింది."

"గట్లయితె నావి ఎన్ని రాళ్లు మంచిగుండె?"

అది ఆ రాళ్లే చెప్పాలి. ఒక్కటీ మిగల్లేదు. ఆయన మొదటి నమూనా ఒక్కటి ఉన్నా, తుడిచిన ఖాజీ ముందు పెట్టి అది అరగలేదని రుజువు చేసేవాణ్ణి. గూట్లో మఖ్మల్ గుడ్డ మూట కనపడింది. ఇద్దరం దాని వైపు చూసి, తల తిప్పుకున్నాం.

"నా చెయ్యి గూడ కొన్నిట్ల తప్పిండొచ్చు సాబ్. వయసైంది గద. యాడ ఖాజీ తప్పిండు, యాడ నేను తప్పిన, ఇగ ఎవ్వరు జెప్పాలె?"

ఆయన చెయ్యి తప్పలేదని నేను గట్టిగా అన్నాను. నమ్మకంగానే అన్నాను. అయితే ఆ చెయ్యి పోయిందని సేఠ్ ముందు చెప్పినప్పుడు కూడా అంతే నమ్మకంగా చెప్పాను. ఆయనకు అది గుర్తుందని ఆ కళ్లలో కనపడింది.

సేఠ్ పిలుస్తున్నాడని, పాత చోటు ఆయనదేనని చెప్పాను.

"రాను సాబ్. ఎన్కట రాయి పట్టుకుంటె ఆగాల్సిన కాడ చెయ్యే ఆగుతుండె. మీ ఫైసలాకు సరిపోవాలని ఆర్నెల్లు చెయ్యిని గుంజి గుంజి ఆపిన. ఇప్పుడు ఆపాల్నో, ఇంకొంచెం తియ్యాల్నో తెలుస్తలేదు. గీ చిన్న రాళ్లకే ఫికరైతుంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. క్షమించమని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు గానీ, క్షమించానని అనలేదు. అనకపోవడమే న్యాయం.

లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచాడు. తిరిగి చూస్తే, చక్రం మీది ఉంగరం రాయిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నా వైపు చాస్తున్నాడు. చిన్న ఎర్ర రాయి.

"జర సూడు బేటా. సమంగున్నదా?"

తను చేసిన రాయి గురించి ఆయన ఒకరిని అడగడం నేను మొదటిసారి విన్నాను. అడిగింది నన్ను. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తిప్పాను. నగీనాల గురించి నాకు ఓనమాలు తెలియవు. ఒక అంచు కాస్త ఎక్కువ అరిగినట్టుగా ఉంది, లేదా నా కళ్లలో ఇంకా నీళ్లున్నాయి.

"సమంగున్నది ఉస్తాద్" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగకుండా రాయి తీసుకుని, గుడ్డతో తుడిచి, అయిపోయిన వాటిలో పెట్టేశాడు.